ఆకు నిజంగా వండుకుందా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

"ఆకు నల్లబడలేదండి, ఎక్కడ పొరపాటు జరిగింది?" సైన్సు ప్రాజెక్టుల రోజులొస్తే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ఒక్కోసారి మాస్టార్లు కూడా అడిగేది ఇదే. దాని వెనకాలే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి: "కాగితం కట్టిన చోట కూడా నల్లబడిపోయింది", "నాచు బుడగలు వదలడం లేదు". ఆకు ఎండలో తన ఆహారం తానే వండుకుంటుందని, అది దాచుకున్న పిండిని అయోడిన్‌తో నల్లబరచి చూపించే ప్రయోగం గురించే ఈ గొడవంతా. పుస్తకంలో ఈ ప్రయోగం నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. చిక్కులన్నీ ఆ నాలుగు వాక్యాల మధ్యే ఉంటాయి. అమలాపురంలో ఉన్నా, భీమవరంలో ఉన్నా, కడియం పక్క పల్లెలో ఉన్నా ఇంట్లోనూ మందుల షాపులోనూ దొరికే వస్తువులతో ఆ చిక్కులు ఎలా విడదీసుకోవాలో వరసగా చూడండి.

సిద్ధాంతం ఇంతే తెలిస్తే చాలు. ఆకు ఎండలో నీటిని, గాలిలోని కార్బన్ డయాక్సైడును కలిపి ముందు చక్కెర తయారుచేస్తుంది. ఆ చక్కెర తయారైనంత వేగంగా కాండంలోకి, వేళ్ళలోకి పోలేదు. మిగిలినదాన్ని ఆకు పగలంతా పిండిగా మార్చి తనలోనే దాచుకుంటుంది. రాత్రికి ఆ పిండిని మళ్ళీ చక్కెరగా కరిగించి మొక్కకంతా పంపుతుంది. అయోడిన్ పట్టుకునేది ఈ దాచిన పిండిని మాత్రమే. చక్కెరను అది చూడలేదు. వండింది ఎవరో కూడా చెప్పలేదు. మట్టిలో ఉన్న బంగాళాదుంప కూడా అయోడిన్ వేస్తే నల్లబడుతుంది, దానికి ఎండే తగలకపోయినా.

కాబట్టి ఒక్క ఆకుతో పరీక్ష చేయకండి. పక్కన పోల్చుకోవడానికి రెండో ఆకు లేకపోతే నలుపు వచ్చినా రాకపోయినా మీకు తెలిసేది ఏమీ ఉండదు. కింద ప్రతి పనిలోనూ ఈ రెండో ఆకు కనిపిస్తుంది. తొందరలో దాన్ని వదిలేయకండి.

ఏ ఆకు తీసుకోవాలి

చాలా వైఫల్యాలు ఇక్కడే మొదలవుతాయి. డెల్టాలో గడప దాటితే కనిపించేది వరి. అందుకే చాలామంది వరి ఆకు తెంపుకొస్తారు. అది నల్లబడదు, లేదా అనుమానం మిగిల్చేటంత లేతగా మారుతుంది. వరి ఆకు తన వంటను ఎక్కువగా చక్కెర రూపంలోనే ఉంచుతుంది. పిండి దాచేది కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకు తొడుగులోనూ, కాండంలోనూ. నమ్మకం కలగాలంటే పొట్ట దశలో, అంటే కంకి ఇంకా తొడుగులోపలే ఉన్నప్పుడు, పిలక ఒకటి కోసి, ఆకును, తొడుగును విడిగా పరీక్షించండి. తొడుగు నల్లబడుతుంది. గింజ గట్టిపడే నాటికి అదే తొడుగులో నలుపు బాగా తగ్గిపోతుంది, దాచిన పిండి కంకిలోకి వెళ్ళిపోయింది కనుక. సార్వా (ఖరీఫ్) పంటలోనైనా దాళ్వా (రబీ) పంటలోనైనా చేయదగిన మంచి ప్రయోగం ఇది. మొదటిసారి చేసేవాళ్ళకు మాత్రం వద్దు.

ఉల్లికాడ అసలు పనికిరాదు, అందులో పిండే ఉండదు. కొబ్బరాకు పీచు, స్పిరిట్ లోపలికి పోదు. అరటాకు మీద మైనం, లోపల జిగురు.

మొదటిసారి అయితే మందార తీసుకోండి, లేదా పందిరి చిక్కుడు. పలచటి వెడల్పాటి ఆకులు, త్వరగా రంగు వదులుతాయి. మందార ఉడికించాక జిగురుగా ఉంటుంది, నీళ్ళలో ఒకసారి కడిగితే పోతుంది. కొమ్మ చివరి నుంచి మూడో ఆకు మొదలు ఐదో ఆకు వరకు సరైనవి. చివర లేత చిగురు తన వంట తనకే చాలక పక్క ఆకుల నుంచి తెచ్చుకుంటూ ఉంటుంది. అడుగున పసుపు తిరిగిన ముసలాకు వంట మానేసే దశలో ఉంటుంది.

కుండీలో ఉన్న మొక్క అయితే పని తేలిక, చీకట్లోకి మోసుకెళ్ళవచ్చు.

కావలసినవి

- అయోడిన్. మందుల షాపులో టింక్చర్ అయోడిన్ అడగండి. ఒక పాలు టింక్చరుకు పది పాళ్ళ నీళ్ళు కలిపితే పాలు పోయని పలచటి టీ రంగు వస్తుంది, అది చాలు. టింక్చర్ దొరక్కపోతే బెటాడిన్ లాంటి పొవిడోన్ అయోడిన్ ద్రావణం 5 శాతంది తీసుకుని ఒక పాలుకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలపండి. ఆయింట్‌మెంట్ వద్దు. చేతులు కడుక్కునే నురగ రకమూ వద్దు.
- సర్జికల్ స్పిరిట్ 100 మిల్లీలీటర్లు. లేకపోతే నీళ్ళలా ఉండే ఆల్కహాల్ శానిటైజర్, కానీ సమయం ఎక్కువ పడుతుంది. జెల్ రకం పనికిరాదు.
- స్టీలు గ్లాసు ఒకటి, అది మునిగేంత లోతున్న గిన్నె, దాని మీదికి సరిపడే మూత.
- తెల్ల పింగాణీ పళ్ళెం. స్టీలు పళ్ళెంలో గోధుమరంగుకూ నలుపుకూ తేడా తెలియదు.
- చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు, అదే కొలతలో పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క, కాగితాల క్లిప్పులు నాలుగు.
- పట్టకారు లేదా ఐస్‌క్రీం పుల్లలు రెండు. డ్రాపరు.

అయోడైజ్డ్ ఉప్పు నీళ్ళు పోస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. సరిపోదు. ఉప్పులో ఉండేది పొటాషియం అయొడేట్, అది పిండిని నల్లబరచదు.

ముందు గంజితో సీసాను పరీక్షించండి

పాత సీసాలో అయోడిన్ చచ్చిపోయి ఉంటే మూడు రోజుల శ్రమ వృథా అవుతుంది. అందుకని మొక్కను ముట్టుకోకముందే చల్లారిన గంజి రెండు చెంచాలు పళ్ళెంలో పోసి, మీరు కలిపిన ద్రావణం ఒక చుక్క వేయండి. ముదురు నీలం, దాదాపు నలుపు రావాలి. గంజి వార్చని ఇల్లయితే చల్లారిన మెతుకులు రెండు నలిపి నీళ్ళు కలిపినా చాలు. పక్కన పంచదార నీళ్ళలో ఒక చుక్క, ఉత్త నీళ్ళలో ఒక చుక్క వేసి చూడండి. రెండూ టీ రంగులోనే ఉండాలి. ఇప్పుడు మీ కళ్ళకు "ఉంది", "లేదు" అనే రెండు రంగులూ తెలిశాయి.

అప్పుడే వార్చిన గంజిలో వేస్తే రంగు రాదు, చల్లారాక దానంతట అదే వస్తుంది. వేడికి అయోడిన్ నీలం విడిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఆకు దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

పరీక్ష, వరసగా

1. మొక్కను 48 గంటలు చీకట్లో ఉంచండి, కుదిరితే 72. కిటికీలు మూసిన కొట్టుగది, లేదా పెద్ద గంప బోర్లించి పైన రెండు గోనెసంచులు. గంప కళ్ళల్లోంచి వెలుగు పడకూడదు. నీళ్ళు మానకండి. నేలలో పాతిన మందార అయితే ఒక కొమ్మకు దళసరి నల్లగుడ్డ రెండు పొరలు వదులుగా చుట్టి అడుగున కట్టేయండి.

2. చీకటి గడువు తీరాక ఒక ఆకు కోసి, 7 నుంచి 11 వరకు ఉన్న పనులన్నీ దానికి చేయండి. అది నల్లబడకూడదు. నల్లబడితే పాత పిండి ఇంకా ఉంది, మరో రోజు చీకట్లో ఉంచండి. "కాగితం కట్టిన చోట కూడా నల్లబడింది" అనేవాళ్ళలో చాలామంది ఈ మెట్టు దాటేసినవాళ్ళే. అక్కడ కనిపించింది నిన్నటి వంట.

3. తెల్లవారక ముందే, మొక్క ఇంకా చీకట్లో ఉండగానే, ఒక ఆకు మధ్యలో రెండు సెంటీమీటర్ల వెడల్పున్న రేకు పట్టీని పైనా కిందా కలిసేలా చుట్టి క్లిప్పు పెట్టండి. ఒక్క పైవైపే పెడితే కిందినుంచి వెలుగు దూరుతుంది. క్లిప్పు ఆకును చీల్చకూడదు.

4. రెండో ఆకుకు అదే కొలతలో పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ అలాగే చుట్టండి. దీనివల్ల ఏం ఒరుగుతుందని అడగొచ్చు. రేకు వెలుగునే కాదు, గాలినీ అడ్డుకుంటుంది. గాలి తగలకపోవడం వల్లే పిండి రాలేదేమో అని ఎవరైనా అంటే మీ దగ్గర జవాబు ఉండాలి. ప్లాస్టిక్ కింద నల్లబడి, రేకు కింద నల్లబడకపోతే తేడా వెలుగుదే. మూడో ఆకుకు ఏమీ కట్టకండి.

5. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఎండలో ఉంచండి. డిసెంబరు నుంచి మార్చి వరకు ఈ ఆరు గంటలు పుష్కలం. శ్రావణం ముసుర్లోనూ, నవంబరు వాయుగుండాల రోజుల్లోనూ సాయంత్రం 5 దాకా ఉంచండి. బాగా మబ్బుంటే ఆ రోజుకు మానేయడమే మేలు. మే నెల ఎండకు కుండీ మట్టి ఆరిపోతే ఆకు రంధ్రాలు మూసుకుని వంట ఆగిపోతుంది, పొద్దున్నే నీళ్ళు నిండుగా పోయండి.

6. 3 గంటలకు ఆకులు కోసి వెంటనే పని మొదలుపెట్టండి. కుదరకపోతే కనీసం 7వ మెట్టు అప్పుడే చేసేసి ఆకుల్ని తడిగుడ్డలో దాచండి. సంచిలో వేసుకుని రాత్రి బడినుంచి ఇంటికి తెచ్చి చేస్తే ఆకు దాచిన పిండిని తానే కరిగించేస్తుంది. ఏ ఆకు ఏదో గుర్తుండటానికి తొడిమ దగ్గర గాట్లు పెట్టండి: రేకు ఆకుకు ఒకటి, ప్లాస్టిక్ ఆకుకు రెండు. పెన్ను రాత స్పిరిట్‌లో పోతుంది.

7. మరుగుతున్న నీళ్ళలో ఆకును ఒకటి నుంచి రెండు నిమిషాలు ముంచండి. మెత్తబడి వేలాడాలి. దీంతో కణాలు చచ్చి, పొరలు తెగి, స్పిరిట్ లోపలికి, అయోడిన్ పిండి దాకా పోవడానికి దారి పడుతుంది. ఐదు నిమిషాలు ఉడికిస్తే ఆకు పప్పులా అయిపోతుంది.

8. పొయ్యి ఆపండి. గ్యాస్ రెగ్యులేటరు కూడా కట్టేసి, మరిగిన నీళ్ళ గిన్నెను పొయ్యికి దూరంగా, వీలైతే వసారాలోకి తెచ్చుకోండి. స్టీలు గ్లాసులో 60 నుంచి 80 మిల్లీలీటర్ల స్పిరిట్ పోసి, ఆకు వేసి, గ్లాసును ఆ వేడినీళ్ళలో దించండి. స్పిరిట్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మంట అవసరమే లేదు. దాని ఆవిరి కంటికి కనబడకుండా బల్ల మీదుగా పాకి దూరంలో ఉన్న దీపాన్ని కూడా అందుకుంటుంది. స్పిరిట్ గిన్నెను ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యి మీద పెట్టకండి. అగరుబత్తి, దోమలచుట్ట, దేవుడి దీపం అన్నీ ఆపాక మొదలుపెట్టండి. మూత పక్కనే ఉంచుకోండి, అంటుకుంటే మూత బోర్లించి గాలి ఆపాలి, నీళ్ళు చల్లకూడదు. ఈ మెట్టు పెద్దవాళ్ళ చేతులతోనే జరగాలి.

9. పది పదిహేను నిమిషాల్లో స్పిరిట్ ఆకుపచ్చగా, ఆకు పాలమీగడ రంగులోకి మారుతుంది. నీళ్ళు చల్లబడితే గ్లాసు పక్కకు తీసి, గిన్నెలో కొత్తగా మరిగించిన నీళ్ళు పోసి మళ్ళీ దించండి. ఆకులో పచ్చదనం మిగిలి ఉండగా ముందుకు పోకండి, పచ్చ మీద గోధుమరంగు పడితే నలుపులాగే కనిపించి మోసం చేస్తుంది.

10. ఇప్పుడు ఆకు పెళుసుగా అప్పడంలా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ముంచితే మెత్తబడుతుంది. తర్వాత చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి పళ్ళెంలో పరవండి. వేడిగా ఉండగా అయోడిన్ వేయకండి, గంజి దగ్గర చూశారు కదా.

11. ఆకు మొత్తం తడిసేలా అయోడిన్ చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగండి. నలుపు ఒక్కసారిగా రాదు. ముందు ఆకంతా గోధుమరంగు పులుముకుంటుంది. కాసేపటికి ఆకు ఈనెల మధ్య గళ్ళు గళ్ళుగా మచ్చలు లేచి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఈనెలు మాత్రం పాలిపోయి మిగులుతాయి, నల్లటి గుడ్డ మీద తెల్లదారంతో కుట్టినట్టు. రేకు పట్టీ ఉన్నచోట రెండు అంచులూ గీత గీసినట్టు ఆగిపోయి మధ్యలో లేత గోధుమరంగు చార నిలుస్తుంది.

12. నీళ్ళతో తేలిగ్గా కడిగి, మిగిలిన అయోడిన్ పోయాక వెలుగుకు ఎత్తి చూడండి. మూడు ఆకులూ పక్కపక్కన పెట్టి అప్పుడే ఫోటో తీసుకోండి, రోజులు గడిస్తే రంగు పోతుంది.

పచ్చ స్పిరిట్‌ను సింకులో పారబోయకండి. మూత బిగించి పేరు రాసి దాస్తే ఇంకోసారి వాడుకోవచ్చు. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పోయకండి, పిల్లలు తాగుతారు. చేతికి, గుడ్డకు అంటిన అయోడిన్ మరక మీద విటమిన్ సి బిళ్ళ తడిపి రుద్దితే కళ్ళముందే పోతుంది.

వచ్చిన రంగును ఇలా చదవండి

నీలం నలుపు అంటే పిండి ఉంది. లేత గోధుమ, పసుపు అంటే లేదు, అది అయోడిన్ సొంత రంగు. ఎండలో ఉన్న మూడో ఆకు కూడా గోధుమరంగులోనే ఉంటే ఫలితం "వంట జరగలేదు" కాదు, "పరీక్ష చెడింది". కారణం వెతకండి: ఆకు ఎంపిక, మబ్బు, ఆలస్యంగా కోయడం, నీళ్ళలో సరిగా ఉడకకపోవడం, వేడిమీద అయోడిన్, లేదా ద్రావణం మరీ పలచన. మచ్చలు మచ్చలుగా నలుపు వస్తే స్పిరిట్ అంతటా అందలేదు, గ్లాసులో ఆకును మడతలు పెట్టి కుక్కి ఉంటారు.

తెల్లమచ్చల ఆకు, ఎర్ర తోటకూర

వంటకు పత్రహరితం (ఆకుకు పచ్చరంగునిచ్చే పదార్థం) కావాలని చూపించడానికి తెలుపూ పచ్చా కలిసిన ఆకు కావాలి. కడియం, కడియపులంక నర్సరీల్లో తెల్లమచ్చల మందార, కోలియస్ దొరుకుతాయి. మనీప్లాంటు అందరిళ్ళలో ఉంటుంది కానీ దాని ఆకు దళసరి, స్పిరిట్‌లో అరగంట పైనే పడుతుంది. స్పిరిట్‌లో వేయకముందే ఆకును తెల్లకాగితం మీద పెట్టి అంచు గీసి, తెల్లమచ్చలు ఎక్కడున్నాయో బొమ్మలో గుర్తించండి. రంగు పోయాక ఆకంతా ఒకేలా కనిపిస్తుంది, బొమ్మ లేకపోతే నలుపు ఎక్కడ పడిందో పోల్చలేరు. ఇక్కడ పచ్చభాగమూ తెల్లభాగమూ ఒకే ఆకులో ఉన్నాయి, పోల్చుకునే రెండో ఆకు పని అదే చేస్తుంది.

"ఎర్రాకుల్లో పచ్చ లేదు కదా, అవెలా బతుకుతాయి?" అనే పిల్లకు ఎర్ర తోటకూర ఆకు ఒకటి మరిగే నీళ్ళలో వేసి చూపించండి. ఎరుపు నీళ్ళలోకి దిగిపోయి, అడుగున దాగిన పచ్చాకు బయటపడుతుంది. ఎరుపు నీటిలో కరుగుతుంది, పత్రహరితం కరగదు.

నాచు బుడగలు

వంట చేసేటప్పుడు ఆకు ఆక్సిజన్ వదులుతుంది. నీటిలో ఉన్న ఆకులు ఎండలో బుడగలు వదులుతాయని, చీకట్లో మానేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్ శాస్త్రవేత్త అచ్చువేయించాడు. ఆ పని మన బోదెల్లో పెరిగే నాచు మొక్కతో చక్కగా కుదురుతుంది. పుస్తకాల్లో హైడ్రిల్లా అంటారు. సన్నటి కాడ, కణుపు చుట్టూ మూడు నుంచి ఎనిమిది చిన్న ఆకులు, వేళ్ళ మధ్య లాగితే అంచులు గరుగ్గా తగులుతాయి. గుర్రపుడెక్క, అంతరతామర తెచ్చి బుడగలు రాలేదంటారు కొందరు. వాటి ఆకులు గాలిలో ఉంటాయి, వాయువు గాలిలోకే పోతుంది. జిడ్డుగా ఉండే పచ్చపాచి కూడా వద్దు.

కాలువ గట్టు దిగడం పిల్లలకు అప్పగించకండి. గడకర్రకు కొక్కెం కట్టి లాగండి. చేలల్లోంచి మందుల నీళ్ళు దిగే మురుగు కాలువలో మొక్క సగం చచ్చి ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువులో చూడండి, లేదా అక్వేరియం షాపులో కొనండి. కొన్నది పని అయ్యాక కాలువలో పారేయకండి, ఎండబెట్టి పారేయండి.

1. బెత్తెడు పొడవున్న తాజా కొసలు ఐదారు తీసి, మట్టి, నత్తలు పోయేలా కడగండి.

2. నీళ్ళ సంగతి జాగ్రత్త. ఫిల్టరు క్యాను నీళ్ళు వాడితే బుడగలు చాలా తక్కువగా వస్తాయి. ఆర్‌ఓ యంత్రం మొక్కకు కావలసిన బైకార్బనేట్‌ను కూడా చాలావరకు తీసేస్తుంది. మరగకాచి చల్లార్చిన నీళ్ళదీ ఇంచుమించు అదే గతి. వరద రోజుల ఎర్రనీళ్ళలో వెలుగు దిగదు. తీరం వైపు ఉప్పు బోరు నీళ్ళు వద్దు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ వాసన పోయేలా వెడల్పు గిన్నెలో ఒక రాత్రి ఉంచండి.

3. అర లీటరు నీటికి పావు చెంచా వంటసోడా కలపండి. ఎక్కువ వేస్తే ఎక్కువ బుడగలు రావు, మొక్క వాడిపోతుంది.

4. వెడల్పు మూతి గాజు సీసాలో నీళ్ళు నింపి, కాడల్ని నీటిలోనే ఏటవాలుగా కోసి, కోసిన మొదళ్ళు పైకి ఉండేలా దారంతో కట్టి, అడుగున చిన్న రాయి బరువు పెట్టండి. బుడగలు కోతలోంచే వస్తాయి. నీటి బయట కోస్తే కాడలోకి గాలి దూరి లెక్క చెడుతుంది.

5. ఎండలో పది నిమిషాలు ఉంచి, అప్పుడు ఒకే కాడను చూస్తూ నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెట్టండి. మూడుసార్లు లెక్కించి సగటు తీయండి.

6. పక్కనే ఇంకో రెండు సీసాలు ఉండాలి: ఒకటి సోడా నీళ్ళతో, మొక్క లేకుండా. రెండోది మొక్కతో, నల్లగుడ్డ కప్పి. ఎండకు నీళ్ళు వేడెక్కితే అందులో కరిగిన గాలి గాజు గోడలకు ముత్యాల్లా అంటుకుంటుంది. దాన్నే చాలామంది ఆక్సిజన్ అని రాసేస్తారు. మొక్క లేని సీసాలోనూ అవి ఉంటే అవి మీ మొక్కవి కావు.

వెలుగు ప్రభావం చూడాలంటే చీకటి గదిలో ఎల్‌ఈడీ బల్బును సీసాకు 10, 20, 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టి లెక్కించండి. ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగాకే లెక్క మొదలుపెట్టండి. దూరం రెట్టింపైతే వెలుగు సగానికి కాదు, నాలుగో వంతు దగ్గరికి పడిపోతుంది. పాతరకం వేడి బల్బు వాడితే వెలుగుతో పాటు వేడీ మారుతుంది, ఫలితం దేనిదో తెలియదు.

వచ్చింది ఆక్సిజనేనా అని చూడాలంటే కాడల మీద ప్లాస్టిక్ సీసా మెడ కోసిన గరాటు బోర్లించి, దాని మీద నీళ్ళు నింపిన పరీక్షనాళిక తలకిందులుగా నిలపాలి. వాయువు సగం పైన నిండటానికి ఒకటి రెండు రోజుల ఎండ పడుతుంది. బొటనవేలితో మూసి బయటికి తీసి, మంట ఆర్పి నిప్పు మాత్రం మిగిలిన అగరుబత్తి లోపలికి పెట్టండి. నిప్పు కొస ప్రకాశవంతం కావాలి. నాళికలో మామూలు గాలి కూడా కొంత కలిసి ఉంటుంది కాబట్టి భగ్గున మండకపోయినా తప్పు కాదు. ఈ పని, స్పిరిట్ పని ఒకే రోజు ఒకే బల్ల మీద పెట్టుకోకండి.

వండుకోనివాళ్ళు

సార్వా కోతలయ్యాక మినుము, పెసర చల్లిన చేలల్లో పసుపుపచ్చటి దారాలు అల్లుకుని కనిపిస్తే అది బంగారు తీగ. ఆకుల్లేవు, మొలిచిన కొద్ది రోజులు తప్ప నేలతో సంబంధం లేదు. తీగ మినుము కాడను చుట్టుకున్న చోట ఒక అంగుళం ముక్క కోసి, క్యారెట్ ముక్కకు గాటు పెట్టి అందులో బిగించి, కొత్త బ్లేడుతో అడ్డంగా పలచటి బిళ్ళలు కోయండి. పది రెట్ల భూతద్దంలో తీగ నుంచి మేకులాంటిది కాడ లోపలికి దిగి ఉండటం తెలుస్తుంది. ఆ మేకు మినుము నీటి నాళాల దాకా, చక్కెర మోసే నాళాల దాకా పోతుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. బంగారు తీగ మీద అయోడిన్ వేస్తే అది కూడా నల్లబడవచ్చు. "చూశారా, ఇదీ వండుకుంటోంది" అని రాసేయకండి. అది దొంగిలించి దాచుకున్న పిండి. సరైన పోలిక వేరు: మినుము ఆకులు, అంతే బరువున్న తీగ ముక్కలు విడివిడిగా రెండు గ్లాసుల వేడి స్పిరిట్‌లో, 8వ మెట్టులో చెప్పిన జాగ్రత్తలన్నిటితో వేయండి. ఒక గ్లాసు చిక్కటి పచ్చ, రెండోది లేత పసుపు. వంటకు కావలసిన పత్రహరితం దానిలో దాదాపు లేదు.

తీగ ముక్కల్ని ఇంకో చేలో, పెరట్లో పడేయకండి. చిన్న ముక్క పచ్చటి మొక్క మీద పడినా మళ్ళీ అల్లుకుంటుంది. పని అయ్యాక కాల్చేయండి. విత్తనం కట్టిన తీగను అసలు తేవద్దు, ఆ విత్తనాలు మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి.

మామిడి కొమ్మల మీద పెరిగే బదనికను దీనితో ఒకే గాటన కట్టేస్తారు. బదనికకు దళసరి పచ్చాకులున్నాయి. చెట్టు నుంచి నీళ్ళు, లవణాలు లాక్కుంటుంది కానీ వంట చాలావరకు తానే చేసుకుంటుంది. దాని ఆకును చిన్న ముక్కలుగా కోసి, స్పిరిట్‌లో ఎక్కువసేపు ఉంచి పరీక్షించవచ్చు.

ఇక జీలుగ, జనుము, పిల్లిపెసర. ఇవి పిండి తామే వండుకుంటాయి, నత్రజని మాత్రం వేళ్ళ బుడిపెల్లో ఉన్న బాక్టీరియా చేత గాలినుంచి తెప్పించుకుంటాయి, బదులుగా చక్కెర ఇస్తాయి. నెలా నెలాపదిహేను రోజుల మొక్కను లాగేస్తే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. చుట్టూ పారతో గడ్డగా తవ్వి, బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి, మట్టి దానంతట అది జారేలా కడగండి. బుడిపెను గోటితో తోస్తే ఊడి వస్తుంది. ఊడకుండా వేరే ఉబ్బినట్టుంటే అది నులిపురుగు కట్టిన కాయ, బాక్టీరియా బుడిపె కాదు. నాలుగైదు బుడిపెలు బ్లేడుతో నడిమికి కోసి వెంటనే చూడండి. లోపల గులాబీ ఎరుపుంటే పని జరుగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదు, పచ్చగా, గోధుమగా ఉంటే అయిపోయింది. ఒక్క బుడిపె చూసి చేను మొత్తానికి తీర్పు చెప్పకండి. మూడు చోట్ల మూడు మొక్కలు తవ్వండి, ఒకటి గట్టు పక్కన, ఒకటి చేను నడుమ, ఒకటి నీళ్ళు నిలిచే పల్లంలో.